బతుకమ్మ దగ్గర డీజే: వద్దనాలా, వేళ పెట్టాలా?

పెత్తరమాస ఇంకో పది రోజులుందనగా అమ్రాబాద్ పీఠభూమి ఊళ్లలో ఏటా ఒకే పంచాయితీ మొదలవుతుంది. ఈసారి బతుకమ్మకు డీజే పెట్టాలా, వద్దా? యువజన సంఘం పిలగాళ్లు చందా పుస్తకం పట్టుకొని ఇల్లిల్లూ తిరుగుతారు. పెద్దమనుషులు అరుగుల మీద కూర్చొని పోయినేటి మోతను తలుచుకొని తల పట్టుకుంటారు. ఆడవాళ్లు కూడా ఒక్క మాట మీద ఉండరు. పాట చెప్పే పెద్దవ్వలకు బాక్సుల చప్పుడు గిట్టదు. కాలేజీ హాస్టల్ నుంచి వచ్చిన బిడ్డలకు అది లేకుంటే పండుగే అనిపించదు. పెళ్లిళ్ల కాలంలో ఇదే తగువు బరాత్ దగ్గర, వినాయక నిమజ్జనానికి ట్రాక్టర్ వెనక మళ్లీ ఎదురవుతుంది. ఒక పక్షానికి డీజే అంటే తాగుబోతుల గోల. ఇంకో పక్షానికి డీజే వద్దన్నవాళ్లంతా కాలం చెల్లిన మనుషులు. రెండు మాటల్లోనూ కొంత నిజముంది, అందుకే తగువు తెగడం లేదు.

అమ్రాబాద్ మైదానపు మండలమైతే ఈ చర్చ రాష్ట్రంలో ఎక్కడైనా జరిగేదే. కానీ ఇది అడవిలో ఉన్న ఊరు. నాగర్‌కర్నూల్ జిల్లాలో, పాత పాలమూరుకు దక్షిణపు కొసన, నల్లమల కొండల మీద పరుచుకున్న పీఠభూమి. చుట్టూ 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం. మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే వటవర్లపల్లి, దోమలపెంట మీదుగా శ్రీశైలం దారి. లోపల చెంచుల పెంటలు, అంచుల్లో లంబాడా తండాలు, నడుమ అన్ని కులాల రైతులూ కూలీలూ ఉండే ఊళ్లు. ఇక్కడ రాత్రి పూట ఎంత చప్పుడు చేయాలన్నది మనుషులకు మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు.

ఆటకు ఇక్కడ ఎన్నడూ కొదవ లేదు. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు తంగేడు, గునుగు, బంతి, కట్లపూలతో బతుకమ్మలు పేర్చి, వాటి చుట్టూ వంగి లేస్తూ చప్పట్లు కొడుతూ తిరిగే ఆట ఒకటి. శ్రావణంలో తండాల్లో పెళ్లికాని ఆడపిల్లలు గోధుమ మొలకలు పెంచుతూ రోజూ రాత్రి పాడి ఆడే తీజ్ ఇంకొకటి. కోలాటం, చిరుతల రామాయణం, భజన, పీర్ల పండుగకు అలావా చుట్టూ ఆట, పెళ్లికీ జాతరకూ డప్పు. కొలువులు వేరు, కులాలు వేరు. అయినా చాలా ఆటల నడక ఒకటే. ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. వలయంలో ఎవరైనా చొరబడొచ్చు. అడుగు రానివాళ్లు పక్కవాళ్లను చూసి రెండు చుట్లలో నేర్చుకుంటారు. ఆడేవాళ్లే ఎక్కువ, ఊరికే చూసేవాళ్లు తక్కువ.

ఈ రాత్రుళ్లలోకి డీజే వచ్చింది. ట్రాలీ మీద గోడలా పేర్చిన బాక్సులు, వెనక జనరేటర్, మిక్సర్, ల్యాప్‌టాప్, తిరిగే లైట్లు. దాన్ని నడిపేది సాధారణంగా పక్క ఊరి కుర్రవాడే. అప్పు చేసి సామాను కొని, సీజన్లో సంపాదించి, మిగతా నెలలు ఇంకో పని చూసుకునేవాడు. వాయించేది కూడా విదేశీ పాటలేం కాదు. తొంభై పాళ్లు యూట్యూబ్‌లో వచ్చిన తెలంగాణ జానపదాలు, వాటికి తీన్మార్ దరువు కలిపిన మిక్సులు, మధ్యమధ్య సినిమా పాటలు. అంటే డీజేను బయటి సంస్కృతి దాడి అనడం కుదరదు. అది మన పాటే, గొంతు మాత్రం పదింతలు పెరిగింది.

డీజే కావాలనేవాళ్ల వాదనను ముందు విందాం. అది తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు.

మొదటిది వలస. పాలమూరు కూలీ దేశమంతా కాలువలు తవ్వినవాడు, ఇళ్లు కట్టినవాడు. ఇవాళ ఆ ఇళ్ల పిల్లలు హైదరాబాద్‌లో డ్రైవర్లుగా, డెలివరీ బాయ్‌లుగా, షాపుల్లో, కంపెనీల్లో పనిచేస్తున్నారు. దసరాకు నాలుగు రోజులు ఊరికొస్తారు. ఏడాదంతా ఇంకొకరి కింద తలొంచి పనిచేసిన పిలగాడు తన ఊరి నడిబజార్లో, తనవాళ్ల మధ్య, తనకిష్టమైన పాటకు ఒళ్లు మరిచి ఆడాలనుకుంటే అది తప్పేం కాదు. పాత పాటలు అతనికి రావు. వాటిని నేర్పే తీరిక ఎవరికీ లేకపోయింది, నేర్చుకునే వయసులో అతను ఊళ్లో లేడు. డీజేకు పాట రావాల్సిన అవసరం లేదు, కాళ్లుంటే చాలు. ఊరికి దూరమైనవాణ్ని మళ్లీ ఊరి ఆటలోకి లాగే తొవ్వ అతనికి అదొక్కటే దొరుకుతోంది.

రెండోది ఆడవాళ్ల సంగతి. బతుకమ్మ, తీజ్ లాంటి కొన్ని రోజులు తప్ప మన ఊళ్లలో ఆడది వీధిలో ఆడటం మర్యాద కాదన్న మాట ఎన్నాళ్లో నడిచింది. పెళ్లి ఊరేగింపులో ఆడేది మగవాళ్లు, ఆడవాళ్లు వెనక నడిచేవాళ్లు. ఆ గీత చెరగడానికి డీజే కొంత సాయపడింది. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాటకు మంచిర్యాల జిల్లాలో ఒక పెళ్లికూతురు బరాత్‌లో ఆడిన వీడియో ఊరూరా పాకింది. ఆ తర్వాత పెళ్లికూతురు తన బరాత్‌లో తానే ఆడటం మామూలు విషయమైపోయింది. అత్తా కోడళ్లు, వదినా మరదళ్లు కలిసి నడివీధిలో ఆడుతున్నారు. దీన్ని నష్టం కింద రాసే పద్దు పుస్తకం నాకు తెలియదు.

మూడోది కులం. డప్పును గురించి ఇవాళ మనం ఆరాధనగా మాట్లాడుతున్నాం, మంచిదే. కానీ డప్పు కొట్టడం తరతరాలు మాదిగవాడల మీద మోపిన వెట్టి. చావుకు కొట్టాలి, చాటింపుకు కొట్టాలి, దొర ఇంట్లో పెళ్లికి కొట్టాలి, ఇచ్చింది తీసుకోవాలి. దళిత ఉద్యమం ఆ డప్పును వెట్టి నుంచి విడిపించి ఆత్మగౌరవ జెండాగా ఎత్తుకుంది. అయినా ఊళ్లో ఎవరో ఒకరు “మీ పిలగాడొచ్చి డప్పు కొట్టకుంటే ఎట్లా” అని పిలిచే తీరులో పాత వాసన పూర్తిగా పోలేదు. డీజే బాక్సుకు కులం లేదు. దాన్ని అద్దెకు తెచ్చుకోవాలి, రొక్కం ఇవ్వాలి. డీజే నడిపే కుర్రవాణ్ని ఏ కులమని ఎవరూ అడగరు. సంప్రదాయం పోతోందని బాధపడే అగ్రకులాల పెద్దలు ఈ తేడాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

నాలుగోది పాట సంగతి. జానపదం చచ్చిపోతోందని మూడు నాలుగు దశాబ్దాలుగా వింటున్నాం. కానీ ఇవాళ తెలంగాణలో కొత్తగా పుట్టే జానపద బాణీ పాటలకు లెక్క లేదు, వాటిని ఊరూరా తిప్పుతున్నది డీజేలే. అమ్రాబాద్‌కు పొరుగునున్న లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథను పాడినన్నాళ్లు ఆయన పేరు తెలిసింది కొద్దిమందికే. 2021లో ‘భీమ్లా నాయక్’ పాటకు ముందు ఆయన గొంతు వినిపించాక అదే గొంతు రాష్ట్రంలోని ప్రతి డీజే బాక్సులోంచీ మోగింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బతుకమ్మ పాట కూడా మారకుండా లేదు. 2021లో ‘అల్లిపూల వెన్నెల’కు ఏ.ఆర్. రెహమాన్ బాణీ కట్టాడు. మార్పు తప్పనిదైతే అది డీజే దగ్గరే ఆగిపోవాలని ఎందుకు పట్టుబట్టాలి?

ఇక వద్దనేవాళ్ల వాదన. అది కూడా పాతకాలపు సణుగుడు కాదు.

అన్నింటికన్నా బలమైన మాట పాట చెప్పే అవ్వది. బతుకమ్మ పాట కాగితం మీద లేదు, ఆమె నోట్లో ఉంది. ఒక చరణం ఎత్తుకున్నాక వలయంలోని నలభై మంది దాన్ని అందుకోవాలంటే ఆమె గొంతు నలభై మందికి వినబడాలి. బాక్సులు మోగుతుంటే ఆమె నోరు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. రెండేళ్లు అట్లా గడిస్తే ఆమె పక్కన కూర్చుంటుంది. ఇంకో పదేళ్లకు ఆమె ఉండదు, ఆమెతో పాటు ఆ ఊరి పాటా ఉండదు. పాట చెప్పేవాళ్లు మైకు పట్టినా ఆట బతుకుతుంది, వాళ్ల బదులు రికార్డింగ్ మోగితే వలయం నడుస్తుంది కానీ కొత్త పాటకర్త పుట్టదు. ఊరి సంగతులు, ఆ ఏటి కరువు, అత్తింటి కష్టం, ఎవరో చేసిన మేలు అప్పటికప్పుడు పాటలో కట్టే వీలు రికార్డింగ్‌కు లేదు.

రెండోది చెవుల సంగతి, దీనికి లెక్కలున్నాయి. 85 డెసిబెళ్ల చప్పుడులో ఎనిమిది గంటలు ఉండటం చెవికి హద్దు అని వృత్తి ఆరోగ్య నిపుణుల మాట. చప్పుడు మూడు డెసిబెళ్లు పెరిగిన ప్రతిసారీ ఆ సమయం సగానికి పడిపోతుంది. అంటే 100 డెసిబెళ్ల దగ్గర పదిహేను నిమిషాలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వినోద వేదికలకు పెట్టిన గరిష్ఠ పరిమితి కూడా సగటున 100 డెసిబెళ్లు. డీజే ట్రాలీ ముందు నిలబడి ఆడే పిల్లలు ఆ హద్దును గంటల తరబడి దాటుతుంటారు. పక్క ఇంట్లో పసిపిల్ల, గుండె జబ్బు మనిషి, పరీక్షకు చదువుకునే విద్యార్థి ఉంటే వాళ్లకు తప్పించుకునే దారి లేదు. తలుపులు మూసుకుంటే పాట మాటలు ఆగుతాయేమో కానీ బేస్ ఆగదు. తక్కువ పౌనఃపున్యపు చప్పుడు గోడల్ని దాటుకొని వస్తుంది.

మూడోది ఖర్చు, కొట్లాటలు. ఒక ఇంటి పెళ్లికి డీజే వస్తే పక్కింటి పెళ్లికి రెండు బాక్సులు ఎక్కువ రావాలి. కూలి చేసుకునే ఇల్లు కూడా పరువు కోసం అప్పు చేస్తుంది. పాట మార్చమని ఒకడు, ఆపొద్దని ఇంకొకడు. మందు కలిస్తే చేతులు లేస్తాయి. అర్ధరాత్రి దాటాక మగపిల్లల గుంపు పెరిగే కొద్దీ ఆడవాళ్లు ఒక్కొక్కరే ఇంటికి పోతారు. ఆడవాళ్లకు వీధిని ఇచ్చిందని మనం మెచ్చుకున్న డీజే అర్ధరాత్రి తర్వాత అదే వీధిని వాళ్ల నుంచి తీసేసుకుంటుంది. వాయించే పాటల్లో కొన్ని తల్లీ బిడ్డా పక్కపక్కన నిలబడి వినలేనివి. నాలుగోది బ్యాండు మేళం వాళ్లు, డప్పు బృందాల పొట్ట. పది మందికి పని దొరికే చోట ఒక ట్రాలీ వచ్చింది.

ఈ తగువు మనకొక్కరికే వచ్చిందనుకుంటే పొరపాటు. దక్షిణ అమెరికాలో, కొలంబియా దేశపు కరీబియన్ తీరంలో కార్తహేనా, బరాంకియా అనే నగరాలున్నాయి. అక్కడి పేదవాడల్లో 1950ల నుంచి ‘పికో’లు ఉన్నాయి. మనిషెత్తు దాటిన బాక్సులు, వాటి మీద చేత్తో వేసిన రంగురంగుల బొమ్మలు, ఒక్కోదానికి ఒక్కో పేరు. మన డీజే ట్రాలీలకు అచ్చంగా అన్నదమ్ములు. 1970ల నుంచి ఓడల్లో పనిచేసేవాళ్లు ఆఫ్రికా రికార్డులు తెచ్చి ఇచ్చేవాళ్లు. పక్క పికోవాడికి ఏ పాటో తెలియకుండా రికార్డు మీది కాగితం గీకేసేవాళ్లు. ఆ పాటల మీద స్థానిక నల్లజాతి యువకులు తమ మాటలు పేర్చి చంపేటా అనే సంగీతాన్ని పుట్టించారు. పై తరగతులవాళ్లు అది అసభ్యమన్నారు, కొట్లాటలకు మూలమన్నారు. 2015లో మైనర్ పిల్లలు ఆ ఆట ఆడకుండా కట్టడి చేయాలన్న ప్రతిపాదన కార్తహేనా నగర సభ దాకా వెళ్లింది. అయినా ఇవాళ చంపేటా ఆ తీరపు గుర్తింపు.

లాటిన్ దేశాల ఇతర నృత్యాల కథ కూడా దాదాపు ఇదే. డొమినికన్ రిపబ్లిక్‌లో బచాటాకు తొలి రికార్డులు 1962లో వచ్చాయి. అది తాగుడు పాకల పాట అని రేడియోలు దశాబ్దాల పాటు దూరం పెట్టాయి. 1990లో హువాన్ లూయిస్ గెర్రా ‘బచాటా రోసా’తో అది పెద్దింటి గడప దాటింది. 2019లో యునెస్కో దాన్ని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మురికివాడల ఆటగా పుట్టిన టాంగో 2009లోనే, క్యూబా రుంబా 2016లో ఆ జాబితాకెక్కాయి. ఇవాళ హైదరాబాద్‌లోని ఐటీ ఉద్యోగులు సాయంత్రం ఫీజు కట్టి సల్సా, బచాటా నేర్చుకుంటున్నారు. ఒకప్పుడు ఏ పెద్దమనుషులు ముక్కు మూసుకున్నారో వాళ్ల మనవళ్లే ఆ ఆటను పెళ్లిళ్లలో ఆడుతున్నారు. ఇక్కడి దాకా చూస్తే లాటిన్ కథ డీజే పక్షానికే సాక్ష్యం. ఇవాళ్టి గోల రేపటి వారసత్వం కావచ్చు.

కానీ అదే కథలో ఇంకో సాక్ష్యం కూడా ఉంది, దాన్ని డీజే పక్షం వినాలి. 1950ల చివర హవానాలోని కాసినో దెపోర్తివో క్లబ్బులో రుఎదా దే కాసినో అనే సల్సా వలయం పుట్టింది. జంటలన్నీ గుండ్రంగా నిలబడతాయి. ఒక మనిషి అడుగు పేరు కేక వేస్తాడు, అందరూ ఒకేసారి ఆ అడుగు వేస్తారు, జంటలు మారతాయి. మన కోలాటం గురువు విజిల్ ఊది కోపు మార్చినట్టే. పాట రికార్డుదే అయినా, స్పీకర్లు ఎంత పెద్దవైనా, ఆ కేక అందరికీ వినబడాలి. వినబడకపోతే వలయం చెదిరిపోతుంది. అందుకే రుఎదా ఆడేచోట చప్పుడుకు దానంతట అదే ఒక హద్దు ఏర్పడుతుంది. యంత్రం ఆటకు కొలువు చేస్తుంది, ఆట యంత్రానికి కాదు. లాటిన్ నృత్యాలు ఇన్ని కాలాలు బతికింది స్పీకర్లు పెద్దవి కావడం వల్ల కాదు. అడుగు నేర్పేవాళ్లు, అడుగు చెప్పేవాళ్లు, ఆ మాట వినే గుంపు చెదిరిపోకుండా ఉండటం వల్ల.

ఈ కొలతతో చూస్తే రెండు పక్షాల వాదనల్లోని బోలు బయటపడుతుంది. డీజే వల్లే జానపద కళాకారులు నాశనమయ్యారన్నది సగం నిజం. కిన్నెర మరుగున పడింది డీజే రాకముందే. దాన్ని పోషించిన ఊరి కట్టుబాట్లు చెదిరాయి, సినిమా వచ్చింది, టీవీ వచ్చింది, ప్రభుత్వాలు సన్మానాలతో సరిపెట్టాయి. పద్మశ్రీ అందుకున్న మొగులయ్య కూలి పనికి పోతున్నాడని 2024లో పత్రికలన్నీ రాశాయి. ఆ పాపం ఏ బాక్సుదీ కాదు. డీజేను ఆపేస్తే ఆ డబ్బు డప్పు బృందానికి పోతుందన్న హామీ కూడా లేదు. పిలిచి, బతిమాలి కాకుండా మర్యాదగా, ముందే మాట్లాడుకున్న రేటు చెల్లిస్తేనే డప్పు నిలబడుతుంది. అది మాట్లాడకుండా డీజే మీద కోపం చూపడం తేలికైన దారి.

అటు డీజే పక్షం చెప్పే స్వేచ్ఛ మాటలోనూ లొసుగు ఉంది. వంద మంది ఆనందం కోసం వెయ్యి మంది నిద్ర పోగొట్టుకోవాలనడం స్వేచ్ఛ కాదు. ఆటకు ఉత్సాహం చప్పుడు వల్లే వస్తుందన్నది కూడా నిజం కాదు. తంగేడుపూల వాసన, పట్టుచీరల గరగర, చప్పట్ల లయ మధ్య వలయం వేగం పుంజుకోవడం చూసినవాళ్లెవరైనా దానికి సాక్షులే. చప్పుడు పదింతలు పెరిగితే ఆనందం పదింతలు పెరగదు, పక్కవాడితో మాట్లాడటం మాత్రం ఆగిపోతుంది. కలిసి ఆడే రాత్రిని చప్పుడు ఒక్కొక్కరు ఒంటరిగా ఊగే రాత్రిగా మార్చేస్తుంది.

ఇక అడవి. ఇక్కడ తూకం స్పష్టంగా ఒకవైపు మొగ్గుతుంది. రాత్రి చల్లబడ్డాక నేలకు దగ్గరి గాలి చప్పుణ్ని కిందికి వంచుతుంది. పగలు కిలోమీటరు పోని బేస్ రాత్రి అంతకన్నా ఎంతో దూరం పోతుంది. అడవి రాత్రి బతికేదే వినికిడి మీద. చిరుతో పులో కదిలితే దుప్పి కూస్తుంది, కొండముచ్చు కేక పెడుతుంది. ఆ కూత వినబడకుంటే దుప్పికి చావే. వన్యప్రాణుల కోసమే ఈ అభయారణ్యం గుండా పోయే శ్రీశైలం రోడ్డు మీద రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరింటి దాకా వాహనాలు ఆపేస్తున్నారు. సలేశ్వరం జాతరకు కూడా కొద్ది రోజులే అనుమతిస్తున్నారు. తమ దేవుడి జాతరకే చెంచులూ భక్తులూ ఈ కట్టడిని ఒప్పుకొంటున్నప్పుడు, డీజే ట్రాలీకి మినహాయింపు అడిగే హక్కు ఎవరికీ లేదు. లారీని తొమ్మిదింటికి ఆపుతున్న అడవి అంచున బాక్సులు రెండింటి దాకా మోగడం న్యాయం కాదు.

అయితే దారి నిషేధమేనా? 2024 అక్టోబర్ మొదట్లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను, టపాసులను నిషేధించారు. మహానగరపు ఇరుకు గల్లీల్లో, ఆసుపత్రుల నడుమ అది అర్థమయ్యే నిర్ణయమే. కానీ పూర్తి నిషేధానికి ఊళ్లలో ఒక చిక్కుంది. పలుకుబడి ఉన్నవాడి ఇంటి పెళ్లికి డీజే మోగుతుంది, తండాలో మోగితే సామాను జప్తు అవుతుంది. అప్పు చేసి బాక్సులు కొన్న కుర్రవాడే నష్టపోతాడు. నిషేధం కన్నా ఉన్న చట్టాన్ని అందరికీ ఒకేలా వర్తింపజేయడం కష్టమైన పని, మేలైన పని కూడా.

ఆ చట్టం కొత్తదేమీ కాదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బహిరంగంగా లౌడ్ స్పీకర్ మోగించకూడదు. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. బహిరంగ స్థలం సరిహద్దు దగ్గర లౌడ్ స్పీకర్ చప్పుడు ఎట్టి పరిస్థితిలోనూ 75 డెసిబెళ్లు మించరాదు. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లను ప్రభుత్వం నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. పండుగల కోసం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా రాత్రి పన్నెండు దాకా సడలింపు ఇచ్చే వీలు ప్రభుత్వానికి ఉంది. 2005లో సుప్రీంకోర్టు ఈ నియమాలను గట్టిగా నిలబెట్టింది. అంటే బతుకమ్మ తొమ్మిది రోజులకు చట్టంలోనే చోటుంది. లేనిదల్లా దాన్ని చదివి, ఊరికి చెప్పి, అందరికీ ఒకేలా అమలు చేసే పెద్దరికం.

అమ్రాబాద్‌కు ఇంకో వీలు కూడా ఉంది. ఈ ప్రాంతంలోని కొన్ని గ్రామాలు రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వస్తాయి. అక్కడ 1996 నాటి పెసా చట్టం వర్తిస్తుంది. తమ సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకునే అధికారాన్ని ఆ చట్టం గ్రామసభకే ఇచ్చింది. డీజే సంగతి తేల్చాల్సింది ఎస్సై కాదు, యువజన సంఘం కాదు, నలుగురు పెద్దమనుషులూ కాదు. పాట చెప్పే అవ్వ, హైదరాబాద్ నుంచి వచ్చిన పిలగాడు, డప్పు కొట్టే మనిషి, బాక్సుల ఓనరు, తండా నాయక్, చెంచు పెద్ద అందరూ కూర్చున్న గ్రామసభ. పెసా కిందికి రాని ఊళ్లలో కూడా సభ పెట్టుకోవద్దని ఎవరూ అనలేదు.

ఆ సభ ముందు పెట్టదగ్గ మాటలు ఇవి. బతుకమ్మ దగ్గర ముందు పాట, తర్వాతే బాక్సు. అవ్వలు ఆడినంతసేపు బాక్సు ముట్టకూడదు, కావాలంటే పాట చెప్పే మనిషికి ఒక మైకు ఇవ్వాలి. ఆ తర్వాత పిల్లలకు ఒక గంట, గంటన్నర. పదింటికి ఆపాలి, సడలింపు ఉన్న రోజుల్లో కూడా అడవి అంచు పెంటల దగ్గర పది దాటకూడదు. బాక్సుల సంఖ్యకు ఊరంతటికీ ఒకే హద్దు, దొరింటి పెళ్లికైనా కూలింటి పెళ్లికైనా. వాయించే పాటల జాబితా ముందే ఆడవాళ్ల సంఘానికి చూపించాలి. డీజే కోసం ఎత్తిన చందాలో ఒక వంతు ఆ ఊరి డప్పు బృందానికి, ముందే మాట్లాడుకున్న కూలిగా, దానంగా కాదు.

రెండు పక్షాలనూ తూచాక నాకు తోచిన తీర్పు ఇది. డీజేను ఊరి పొలిమేరలోంచి తరిమేయాల్సిన పని లేదు. అది వలసపోయిన పిల్లలకు, వీధిలో ఆడాలని ఎదురుచూసిన ఆడవాళ్లకు, కులం అడగని పనిని వెతుక్కున్న కుర్రవాళ్లకు ఇచ్చింది చిన్నదేం కాదు. కానీ పాట ఎత్తుకునే మనిషి గొంతును ముంచే హక్కు దానికి లేదు, అడవి రాత్రిని కొల్లగొట్టే హక్కు అంతకన్నా లేదు. వచ్చే పెత్తరమాసకు ముందే ఊరూరా గ్రామసభ కూర్చోవాలి. చందా పుస్తకం తెరిచే ముందు ఈ మాట తేల్చుకోవాలి. తేల్చుకున్న మాటను తీర్మానంగా రాసి, దాన్ని సర్పంచి ఇంటి పెళ్లికే మొదట వర్తింపజేయాలి.